మన వాన ఎరిగిన పుస్తకం కావాలి

ఎకరమో ఎకరన్నరో సంపాదించుకుని, ఇంటిల్లిపాదీ తినే తిండి అక్కడే పండించుకుందామనుకునే కుటుంబాలు ఈ మధ్య బాగా పెరిగాయి. మా అనంతపురం జిల్లాకు బెంగళూరు దగ్గర. అక్కడ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఇటువైపు నేల కొని, కాపురం మార్చే ముందు సలహా కోసం మా ఇంటికి వస్తుంటారు. నేను శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కళ్యాణదుర్గం పక్కన మా అత్తగారి ఎకరన్నర ఎర్రనేలలో మా కుటుంబం సాగు చేసుకుంటోంది. అందుకే వాళ్లు నన్నడిగే మొదటి మాట, "ఏ పుస్తకం కొనమంటారమ్మా?" అని.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. తప్పు నవల కొంటే ఒక సాయంత్రం పోతుంది. తప్పు సాగు పుస్తకం కొని దాని మాట వింటే ఒక వానాకాలం పోతుంది, దాంతోపాటు ఇంట్లో ఉన్న ఉత్సాహమూ పోతుంది. అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పొలాన్ని ఎలా ఆలోచించాలన్న పద్ధతిని ఎంత దూరపు పుస్తకం నుంచైనా తీసుకోండి. విత్తే తేదీ, వేసే మోతాదు, ఎంచుకునే రకం మాత్రం మీ నేలకు దగ్గరి పుస్తకం నుంచే తీసుకోండి. ఈ రెండింటినీ కలిపేసుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

ఇంగ్లిష్ చదివిన పిల్లల సంచిలో తరచుగా కనిపించేది జాన్ సేమూర్ పుస్తకం, 'ది కంప్లీట్ బుక్ ఆఫ్ సెల్ఫ్ సఫిషియెన్సీ'. 1976లో వచ్చింది. చాలా మంచి పుస్తకం. ఒక ఎకరాన్ని సగం పచ్చికకు, సగం పంటలకు విడదీసి, పంటల సగాన్ని నాలుగు మడులు చేసి ఏటా పంట మార్చుకుంటూ తిప్పమంటాడు. పశువు పేడ మడికి, మడిలో మిగిలింది పశువుకు. ఈ అల్లిక నేర్చుకోవడానికి అది సాటిలేనిది. కానీ సేమూర్ అది రాసేటప్పుడు ఉన్నది వేల్స్‌లో. అక్కడ ఏడాది పొడవునా వాన పడుతుంది, గడ్డి దానంతటదే పచ్చగా ఉంటుంది. అక్కడి రైతుకు భయం చలికాలం. దుంపలు దాచుకోవడం, గడ్డి కోసి ఆరబెట్టుకోవడం అన్నీ ఆ చలికాలం కోసమే. మనకు ఆకలి కాలం ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో పశువుకు ఏం పెడతాం, మడికి నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తాం అన్నదే మన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆ పుస్తకంలో జవాబు వెతకడం అన్యాయం.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. చలిదేశాల పుస్తకాలు కూరగాయలకు ఎత్తు మడులు కట్టమంటాయి. వాన ఎక్కువైన చోట నీరు దిగిపోవాలి, నేల తొందరగా వేడెక్కాలి, అందుకు అది సరైన సలహా. మా ఎర్రనేలలో ఎండాకాలం ఎత్తు మడి కడితే పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. ఇక్కడ నేల మట్టానికి జానెడు లోతుగా మడి తవ్వి, చుట్టూ గట్టు కట్టి, చెత్తాచెదారం పరిస్తే తడి నిలుస్తుంది. కోనసీమలో ఉన్నవాళ్లు ఇదే సలహా పాటిస్తే వర్షాకాలంలో వేళ్లు కుళ్లిపోతాయి. అక్కడ ఎత్తు మడే సరైనది. అంటే ఏ పుస్తకమూ తప్పు కాదు, ఒక్కో పుస్తకం ఒక్కో వానకు రాసింది. అలాగే ఆ చలిదేశాల పుస్తకాల్లో విత్తే కాలాన్ని ఆఖరిసారి మంచు గడ్డకట్టే తేదీ నుంచి లెక్కిస్తారు. మనకు ఆ లెక్కతో పనిలేదు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తాయి. ఆ కార్తెలకూ పదునుకూ పొత్తు కుదిర్చి చెప్పే పుస్తకం మనకు కావాలి.

అందుకే దుకాణంలో పుస్తకం చేతికి తీసుకోగానే ముందు రాసినవాళ్ల ఊరు చూడండి. అక్కడ ఏడాదికి ఎంత వాన పడుతుందో చూడండి. మాకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. పుస్తకంలో వాన మాటే లేకపోతే ఆ పుస్తకం ఎక్కడికైనా పనికివచ్చేట్టు రాశారని అర్థం. అలాంటిది ఏ ఒక్క చోటికీ పూర్తిగా పనికిరాదు.

రెండోది నీళ్ల లెక్క. మంచి పుస్తకం ఈ లెక్క మీ చేత వేయిస్తుంది. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరమంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. మా వాన లెక్కన ఎకరం మీద ఏడాదికి 22 లక్షల లీటర్లు పడతాయి. వినడానికి పెద్ద అంకె. అందులో ఎంత ఇంకుతుంది, ఎంత పారిపోతుంది అన్నదే అసలు సంగతి. ఇంటి కప్పు వంద చదరపు మీటర్లుంటే 55 వేల లీటర్లు పడతాయి, అయిదో వంతు పోయినా 44 వేలు చేతికొస్తాయి. ఇప్పుడు అయిదు సెంట్ల కూరగాయల మడి తీసుకోండి. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే వెయ్యి లీటర్లు. మూడు నెలలకు 90 వేలు. కప్పు నీళ్లన్నీ తొట్టిలో దాచినా సగానికే సరిపోతాయి. మడిని రెండు సెంట్లకు కుదిస్తే ఆ నీళ్లతోనే ఎండాకాలం గట్టెక్కవచ్చు. ఈ నాలుగు కూడికలు, తీసివేతలు లేకుండా ఇంటిచుట్టూ పచ్చటి తోట బొమ్మలు మాత్రమే వేసిన పుస్తకాన్ని నేను ఎవరికీ కొనమని చెప్పను. బోరు వేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకు అనుమతి కావాలన్న సంగతి కూడా పుస్తకంలో ఉందో లేదో చూసుకోవాలి.

ఆవు విషయమూ ఇంతే. మూడున్నర వందల కిలోల ఆవు తన బరువులో రెండున్నర శాతం చొప్పున రోజుకు దాదాపు తొమ్మిది కిలోల ఎండు పదార్థం తింటుంది. ఏడాదికి మూడు టన్నుల పైచిలుకు. జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, గట్ల మీద గడ్డి, అవిసె రొట్ట అన్నీ కలిపి మన నేల అంత మేత ఇస్తుందా? ఇవ్వకపోతే ఆవుకు బదులు రెండు మేకలు, పది కోళ్లతో మొదలుపెట్టమని చెప్పే ధైర్యం పుస్తకానికి ఉండాలి. ఆవు బొమ్మ అట్ట మీద అందంగా ఉంటుంది. మేత లెక్క లోపల ఉండాలి.

మూడోది, ఓడిపోయిన కథ. రాసినవాళ్లు తమకు ఏది కుదరలేదో చెప్పారా? జపాన్‌లో షికోకు దీవిలో సేద్యం చేసిన మసనోబు ఫుకువోకా పుస్తకం తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో దొరుకుతుంది. ఆయన తన తండ్రి నారింజ తోటలో ఒక్కసారిగా కొమ్మలు కత్తిరించడం మానేస్తే చెట్లు పాడైన సంగతి దాచలేదు. మనిషి చేయి అలవాటైన చెట్టును ఉన్నట్టుండి వదిలేయడం ప్రకృతి సేద్యం కాదని ఆయన నేర్చుకున్నది అక్కడే. ఆ ఒక్క అధ్యాయం కోసం ఆ పుస్తకం కొనొచ్చు. కానీ ఆయన ప్రాంతంలో వాన మా వానకు రెండింతల పైమాటే. ఆయన వరి వెంట బార్లీ, బార్లీ వెంట వరి చల్లుకుంటూ పోయినట్టు మా చేలో చేయలేం. గడ్డి నేల మీదే పరిచి ఉంచాలన్న ఆలోచన మాత్రం మాకు నూటికి నూరుపాళ్లూ పనికొచ్చింది. అట్ట మీదే ఎకరాకు ఇన్ని లక్షలని రాసి, లోపల ఒక్క ఎండిన మొక్క గురించీ చెప్పని పుస్తకాన్ని పక్కన పెట్టేయండి.

నాలుగోది అచ్చయిన ఏడాది. హైదరాబాద్ కోఠిలాంటి చోట్ల పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, నేనూ కొంటాను. కంపోస్టు గురించైతే పాతదే బంగారం. ఆల్బర్ట్ హోవర్డ్ ఇందోరులో పనిచేస్తూ, మన రైతుల అలవాట్లను గమనించి తీర్చిదిద్దిన ఇందోరు పద్ధతి తొంభై ఏళ్ల నాటిది. చెత్త, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిద వరసలుగా పేర్చి, వేళకు తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. మన ఎండకు రాసింది గనక ఈనాటికీ పనిచేస్తుంది. పురుగు మందుల విషయంలో మాత్రం పాత పుస్తకం ప్రమాదం. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అంతకుముందు అచ్చయిన పుస్తకాలు వాటిని వంకాయకూ కందికీ నిశ్చింతగా కొట్టమంటాయి. పిల్లలు తినే మడికి ఆ పేజీలు చదివి మందు వెతకొద్దు.

అయిదోది నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఆ పుస్తకం ఇంట్లో చేతులను లెక్కపెట్టిందా? ఎకరానికి దిగుబడి చెప్పేవాళ్లు, ఆ దిగుబడి వెనక ఎవరు ఎన్ని గంటలు వంగి పనిచేయాలో చెప్పరు. తెల్లవారుజామున పాలు పితకడం, దూడను కట్టేయడం, కోళ్లగూడు ఊడ్చడం, మడికి నీళ్లు పెట్టడం, ఎండబెట్టిన గింజను సాయంత్రం ఎత్తడం, వీటితో పాటు వంట. చాలా ఇళ్లలో ఇవన్నీ ఆడవాళ్ల నెత్తినే పడతాయి. కుటుంబ క్షేత్రం గురించి రాసిన పుస్తకంలో ఇంటి ఇల్లాలి పని ఒక పేజీకి కూడా నోచుకోకపోతే అది కుటుంబం కోసం రాసింది కాదు. నెలవారీ పని పట్టిక ఉన్న పుస్తకం దొరికితే భార్యాభర్తలిద్దరూ ఒకచోట కూర్చుని చదవండి. ఏ పని ఎవరిదో నేల కొనకముందే మాట్లాడుకోండి.

కోతతో ఆగిపోయే పుస్తకాలూ చాలా ఉన్నాయి. కొర్ర పండించడం తేలిక. పొట్టు తీసి బియ్యం చేసుకోవడం కష్టం. ఆరికలకైతే పొట్టు పొరలు మరీ గట్టివి. మర ఎంత దూరంలో ఉంది, ఇంట్లో తిరగలితో అయ్యే పనేనా అన్నది విత్తకముందే తెలియాలి. వేరుశనగ కాయను ఎనిమిది శాతం తేమకు వచ్చేదాకా ఎండబెట్టకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెడితే పురుగు పట్టదని మా అత్తగారికి తెలుసు. ఇలాంటివి చెప్పే పుస్తకానికి వంటింట్లో చోటివ్వవచ్చు.

ఇక ఏ పుస్తకాలు అని అడిగేవాళ్లకు నా అలమరలో ముందు వరసలో ఉన్నవి చెబుతాను. మొదటిది వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే 'వ్యవసాయ పంచాంగం'. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని విశ్వవిద్యాలయం వేస్తాయి. ఏ వాతావరణ మండలానికి ఏ పంట, ఏ రకం, ఎప్పుడు విత్తాలి, ఏ తెగులుకు ఏం చేయాలి అన్నీ తెలుగులో ఉంటాయి. పండ్లకు, కూరగాయలకు వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రచురణలున్నాయి. వీటిలో లెక్కలు ఎకరానికి ఉంటాయి, అమ్ముకునే రైతును దృష్టిలో పెట్టుకుని ఉంటాయి. మనం భాగించుకోవాలి. ఎకరానికి రెండు కిలోల కొర్ర విత్తనమంటే అయిదు సెంట్లకు 100 గ్రాములు. తెలంగాణలో గుంటల్లో లెక్కేస్తారు గనక గుంటకు 50 గ్రాములు. ద్రవ ఎరువు జీవామృతం ఎకరానికి 200 లీటర్లంటే అయిదు సెంట్లకు 10 లీటర్లు. ఈ భాగహారం అలవాటైతే ఆ పుస్తకం సగం మీదైపోయినట్టే.

రెండోది ప్రకృతి సేద్యం గురించి తెలుగులో వచ్చిన ఆచరణ పుస్తకాలు. సుభాష్ పాలేకర్ శిక్షణల నుంచీ, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న కార్యక్రమం నుంచీ ఇలాంటివి వచ్చాయి. వీటిలో నేను మెచ్చేది కొలత. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అని స్పష్టంగా చెబుతాయి. చదివినవాళ్లు మర్నాడే చేసి చూసుకోవచ్చు. ఫలితం ఎంతన్నది మీ మడిలో ఒక సగానికి వాడి, ఒక సగానికి వాడకుండా మీరే తేల్చుకోండి.

మూడోది పశువులు, కోళ్ల గురించి పశుసంరక్షణ శాఖ, పశువైద్య విశ్వవిద్యాలయం తెచ్చిన చిన్న పుస్తకాలు. వాటిలో టీకాల పట్టిక తప్పకుండా ఉండాలి. పెరటికోళ్లు పెంచాలంటే హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలున్నాయి. ఏ రకమైనా కొక్కెర తెగులు టీకా మొదటి వారంలోనే వేయించాలి, తర్వాత మళ్లీ వేయించాలి. మేకలకు పి.పి.ఆర్., చిటుకు రోగం, ఆవుకు గాలికుంటు, గొంతువాపు. ఈ పేర్లు లేని పశుపోషణ పుస్తకం, ఎంత నున్నటి కాగితం మీద అచ్చేసినా, గొడ్డును కాపాడలేదు.

నాలుగోది మనిషి కోసం. 'వైద్యుడు లేని చోట'. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలతో పనిచేస్తూ మొదట స్పానిష్‌లో రాసిన పుస్తకమిది. తర్వాత 80కి పైగా భాషల్లోకి వెళ్లింది. దీన్ని ఎవరైనా తమ ప్రాంతానికి తగ్గట్టు మార్చి రాసుకోవచ్చని వెర్నర్ ముందే చెప్పాడు. అందుకే అది ఎక్కడికి వెళ్లినా అక్కడిదైపోయింది. మందుల సంగతి మాత్రం డాక్టరును అడిగే పాటించండి. పొలంలో కాపురం పెట్టేవాళ్లకు పాముల గురించి తెలిసి తీరాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర మన చేలల్లో తిరిగేవే. కాటు పడితే కోయకూడదు, బిగించి కట్టకూడదు, పసరు మందుల కోసం తిరగకూడదు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆస్పత్రికి చేర్చాలి. విదేశీ క్షేత్ర పుస్తకాల్లో ఈ పేజీ ఉండదు. మీరే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆస్పత్రి నంబరుతో సహా తలుపు వెనక అంటించుకోండి.

అయిదోది ఖాళీ నోటుబుక్కు. వాన పడిన రోజు, ఎంత పడిందో, ఏం విత్తామో, ఏది మొలిచిందో, ఏది చచ్చిందో, ఎంత ఖర్చయిందో అందులో రాయాలి. మా కోడలు రాస్తున్న పుస్తకమే ఇప్పుడు మా ఇంట్లో అందరూ ముందు తెరిచేది. ఏ సందులో మునగ బాగా వచ్చిందో, ఏ మడిలో టమాటకు ఎండు తెగులు వచ్చిందో ఏ విశ్వవిద్యాలయమూ మాకు చెప్పలేదు.

దూరపు పుస్తకాల్లో సేమూర్‌తో పాటు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పర్మాకల్చర్ (శాశ్వత సేద్యం) పుస్తకాలను కూడా చదవమంటాను, పద్ధతి కోసం. బిల్ మాలిసన్, డేవిడ్ హోల్మ్‌గ్రెన్ 1978లో ఆ మొదటి పుస్తకం రాశారు. రోజూ చేయి పెట్టాల్సినవి వంటింటికి దగ్గరగా, ఏడాదికోసారి చూసేవి దూరంగా ఉంచాలన్న వాళ్ల సూత్రం ఏ నేలకైనా వర్తిస్తుంది. ఆ ఆలోచనను మన మెట్ట నేలలకు తగ్గట్టు మలిచి చూపినవాళ్లు జహీరాబాద్ ప్రాంతంలోనే ఉన్నారు. 2017లో పర్మాకల్చర్ ప్రపంచ సమ్మేళనం హైదరాబాద్‌లో జరిగింది. కాబట్టి ఆ పుస్తకం చదివాక విమానం ఎక్కక్కర్లేదు, బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు.

ఇక్కడ పాలకులకూ విశ్వవిద్యాలయాలకూ ఒక విన్నపం. పంటకో పుస్తకం, పశువుకో పుస్తకం, మందుకో పుస్తకం ఉంటే ఎకరం కుటుంబం వాటన్నిటినీ కలిపి కుట్టుకోలేదు. వెర్నర్ పుస్తకాన్ని భాషభాషకూ మార్చి రాసుకున్నట్టే, కుటుంబ క్షేత్రం మీద ఒక మూల పుస్తకం తయారుచేసి, జిల్లా వాననూ నేలనూ బట్టి మార్చి అచ్చు వేయండి. రాయడానికి శాస్త్రవేత్తలతో పాటు ఎకరంలో బతుకుతున్న ఆడవాళ్లను కూర్చోబెట్టండి. కృషి విజ్ఞాన కేంద్రాల దగ్గర సమాచారం పుష్కలంగా ఉంది, దాన్ని ఇంటివాళ్ల అవసరం వరసలో పేర్చాలి అంతే.

నాతో పనిచేసిన గ్రంథాలయ మిత్రులకూ ఒక మాట. మన ఇంటి పన్నుతో పాటు ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయాల కోసం జనం కడుతున్నారు. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో ఈ ఏటి వ్యవసాయ పంచాంగం, టీకాల పుస్తకం, 'వైద్యుడు లేని చోట' తప్పకుండా ఉంచండి. నిషేధించిన మందులున్న పాత పుస్తకాలకు ఆ సంగతి తెలిపే చీటీ అంటించండి.

నేల కొనబోతున్న పిల్లలకు చివరిగా చెప్పేది ఇదే. ముందు గ్రంథాలయంలో కూర్చుని ఊరికే చదవండి. నచ్చినవాటిలో మీ వాన ఎరిగిన రెండు పుస్తకాలు కొనండి. వాటితో ఒక వానాకాలం రెండు సెంట్లలో చేసి చూడండి. ఆ పంట తిన్నాక ఎకరం సంగతి ఆలోచించండి.